ఎర్తు తీగ

సత్తెనపల్లి పక్కన మిరపకల్లంలో వేసిన సువార్త సభల పందిట్లో మైకు సెట్టు మరియదాసుకు మధ్యాహ్నమే ముచ్చెమటలు పట్టాయి. భార్య రెబ్కా వాళ్లన్న సంజీవరావు మస్కట్ నుంచి తెచ్చిన సీడీ ప్లేయర్ తగిలించిన దగ్గర్నుంచీ స్పీకర్లలో గుంయ్‌మని ఒకటే మోత.

"క్యాసెట్టయితే దాని బుసలో నీ సెట్టు రోగం కలిసిపోయేది బావా. సీడీకి బుస ఉండదు. నీ బండారం బయటపడింది," అన్నాడు సంజీవరావు. ముందు వరస నవ్వింది.

మరియదాసుకు తల కొట్టేసినట్టయింది. ప్లేయర్‌కో ఎర్తు, ఆంప్లిఫయర్‌కో ఎర్తు. రెండూ కలబడితే ఈ మోత వస్తుందని తెలుసు. ఆంప్లిఫయర్ ఎర్తు తీగ పీకేశాడు. మోత ఠక్కున ఆగింది. పాటలో వయొలిన్ మీద కమాను రాపిడి కూడా వినబడింది.

"ఇప్పుడు మనిషివయ్యావు," అన్నాడు సంజీవరావు.

పాట అయ్యాక అతను వైర్లు ఊడదీసి, ప్లేయర్‌ను తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఇక రెబ్కా పాడాలి. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లిన నేల మీద, చెప్పులు విడిచి, మైకు వైపు నడుస్తోంది.

సౌండు పెంచుదామని మరియదాసు ఆంప్లిఫయర్ మీద చెయ్యి వేశాడు. మోచేతి దాకా జివ్వున లాగి విసిరికొట్టింది.

పాత పెట్టె. రేకులోకి కరెంటు దిగుతోంది. తను ఎర్తు పీకేసినా, ఇంతసేపూ అది ప్లేయర్ వైరు మీదుగా భూమిలోకి పోయింది. ఆ దారి ఇప్పుడు లేదు. మైకు వైరు వెంట ఇనుప స్టాండు దాకా పాకి ఉంటుంది.

'ముట్టుకోకు' అని అరవబోయాడు. అప్పటికే రెబ్కా చెయ్యి చాచింది.

పీకడానికి ప్లగ్గు లేదు. బోర్డు కన్నాల్లో వట్టి తీగలు దూర్చి అగ్గిపుల్లలతో బిగించింది తనే. రబ్బరు చెప్పు కాలితో తీగల్ని ఈడ్చి తన్నాడు. ఒక తీగ ఊడింది. ఆంప్లిఫయర్ మీది ఎర్రదీపం ఆరింది. కానీ ఊడింది ఏ తీగ? కరెంటుదా, ఉత్తదా? ఉత్తదైతే రేకులో కరెంటు ఇంకా ఉన్నట్టే. మళ్లీ తన్నాడు. రెండోదీ ఊడింది.

అప్పుడు తల ఎత్తాడు. స్టాండు రెబ్కా చేతిలో ఉంది.

"ఏమయ్యా, సౌండేది?" అంది.

ఎర్తు మళ్లీ బిగించి, తీగలు పెట్టాడు. అయినా నమ్మకం కుదరలేదు.

"వదులు. పక్కకు జరుగు," అంటూ వెళ్లి, చెప్పులు విడిచి, తడినేల మీద నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, ముందు స్టాండుకు చేతి వెనకవైపు ఆనించాడు. ఏమీ కాలేదు. తర్వాత గుప్పిట పట్టాడు.

"ఇటివ్వు, జనం చూస్తున్నారు," అంది రెబ్కా నవ్వుతూ.

ఇద్దామనే అనుకున్నాడు. స్టాండులో కరెంటు లేదు. అయినా వేళ్లు విడలేదు.