కంకర బ్యాండు

ఖాళీగా కూర్చున్న మొగుణ్ణి ఏ ఆడదైనా సహిస్తుందేమో గాని, ఖాళీగా కూర్చుని దరువేసే మొగుణ్ణి సహించడం కాంతమణి ఒక్కతెకే చెల్లింది. యేసురాజు వేళ్ళకు మంచంకోడు దొరికినా ఒకటే, గంజిగిన్నె దొరికినా ఒకటే. ఆమె పక్కన కూర్చుని రవికెలు కుట్టుకుంటుంటే ఆయన టకటకలాడిస్తూ ఉండేవాడు. సూది వేలికి గుచ్చుకున్న ప్రతిసారీ ఆమె ఆయన్నే తిట్టేది. బన్సీలాల్‌పేట గల్లీలో అందరికీ ఆ తిట్లు కంఠతా వచ్చు.

యేసురాజును గల్లీలో మాస్టరనేవారు. బడిపంతులనుకునేరు, బ్యాండు మాస్టరు. ఒక జాగీర్దారు దేవిడీలో, అంటే ఆయన మహల్లో, పెళ్ళికీ పండక్కీ దొరగారి పుట్టినరోజుకూ ఆయన చేయి ఎత్తి ఊపితే బ్యాండు మోగేది, ఆపితే ఆగేది. పోలీసు చర్య అయింది, ఆ తరవాత జాగీర్లు పోయాయి, జాగీరుతో పాటు బ్యాండూ పోయింది. బూరలూ డోళ్ళూ దేవిడీ సొత్తు గనక వాటిని ఏదో కొట్లో పడేసి తాళం వేశారు. చేతులు మాత్రం యేసురాజువి కాబట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ చేతులకు మరో పని తెలియదు.

మొదట్లో రోజూ గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని పని వెతకడానికి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకు కోటు మానేశాడు, ఇంకొన్నాళ్ళకు గడ్డం గీసుకోవడమూ మానేశాడు. ఏడాది దాటేసరికి దరువు కూడా తగ్గింది. అప్పుడు భయం పట్టుకుంది కాంతమణికి. తిట్టడానికి దరువు లేని ఇంట్లో ఆమెకు ఊపిరాడేది కాదు. ఈ మనిషి కూర్చున్నచోటే కరిగిపోతాడేమో, ఒకరోజు తాను కుట్టు మీంచి తల ఎత్తేసరికి అక్కడ చాప మాత్రమే మిగులుతుందేమో అని దిగులు పడేది.

పొయ్యి వెలగడానికి ఆమె కుట్టుపని చాలదు. సికింద్రాబాదు పెద్దమనుషులు కొందరు కలిసి పెట్టిన సహాయ సంఘం, కొలువులు పోయినవాళ్ళకు వారం వారం ఇంటికింతని బియ్యం కొలిచి పోసేది. జాగీర్లు పోయిన మరుసటి ఏడు చలికాలంలో ఆ సంఘానికి జ్ఞానోదయం కలిగింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి గనక, ఇకమీదట ఇంటికొకరు యాప్రాల్ దారి పనికి వచ్చి కంకర కొట్టి తీరాలన్నారు. రానివాళ్ళకు బియ్యం లేదు. వచ్చి పని ఆపినవాళ్ళకూ లేదు. పని అలవాటైతే మనుషులు బాగుపడతారని వాళ్ళ నమ్మకం. కొండలకోసం అంత బెంగపడ్డ ఆ పెద్దల ఇళ్ళల్లో ఎవరూ సుత్తె పట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

యేసురాజు వెళ్ళనన్నాడు. కార్నెట్ బూర పట్టిన చేత్తో సుత్తె పట్టనన్నాడు. కాంతమణి ఏడ్చింది, తిట్టింది, లాలాగూడలో ఉన్న కూతురు సలోమి దగ్గరికి వెళ్ళిపోతానని బెదిరించింది. ఏదీ పారలేదు. సాయంత్రానికి పాత బ్యాండు వాళ్ళంతా వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉడికేది ఆ బియ్యమే. డోలు కొట్టే లూకా అందరి తరఫునా అన్నాడు: “మాస్టర్, మీరొస్తే మేమొస్తం. మీరు రాకుంటే మేం గూడ పోం.” మర్నాడు యేసురాజు గడ్డం గీసుకున్నాడు.

మొదట చేతులు బొబ్బలెక్కాయి. దానికన్నా ఆయనకు చప్పుడు బాధ ఎక్కువైంది. ఒక్కొక్కడు ఒక్కో తీరున కొట్టే ఆ గోల వినలేక, ఒకనాడు లేచి నిలబడి చేయి ఎత్తాడట. ఆ చేయి దిగేసరికి బ్యాండు వాళ్ళ సుత్తెలన్నీ ఒక్కసారే రాళ్ళ మీద పడ్డాయట. అంతే, బ్యాండు మళ్ళీ షురూ అయింది. లూకా దెబ్బకు బండలు పగిలేవి, క్లారినెట్ వాళ్ళు వాటిని ముక్కలు చేసేవారు, మాస్టరు ఎదురుగా కూర్చుని తన సుత్తెతోనే తాళం నడిపేవాడు. పని చూసే మేస్త్రి పేరు బ్రహ్మచారి, ఎన్నో రోడ్లు వేయించినవాడు. ఇంత కంకర ఇంత తొందరగా పడడం తానెన్నడూ చూళ్ళేదంటూ మిగతా కూలీలను కూడా తెచ్చి వాళ్ళ పక్కన కూర్చోబెట్టాడు.

సాయంత్రం ఒళ్ళంతా దుమ్ముతో వచ్చిన మొగుడికి కాంతమణి వేణ్ణీళ్ళు పోసేది. నీళ్ళు పోస్తున్నంతసేపూ ఆయన కబుర్లు ఆగేవి కావు. అన్నం మారు అడిగి పెట్టించుకునేవాడు. మంచంకోడు మీద దరువు మొదలైంది, దాంతో పాటే తిట్లూ మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఆమె ఎంత సంతోషంగా ఉండేదో ఆదివారం చర్చిలో ఆమె గొంతు విన్నవాళ్ళకు తెలుసు. ఈ ముసలాయనంటే తనకు ఇంత ప్రేమ ఉందా అని ఆమే ఆశ్చర్యపోయింది.

అంత బాగా సాగుతున్న పనికి దిష్టి తగిలింది. ఒకరోజు సంఘం ప్రెసిడెంటు గారు పని చూడ్డానికి కారులో వచ్చారు. దేవిడీలో ఒక మర్యాద ఉండేది. దొర బండి కనబడగానే, పాట నడుమనైనా సరే, ఠక్కున ఆపి లేచి వరసగా నిలబడాలి. దొర తల ఊపాకే మళ్ళీ అందుకోవాలి. ఊపకపోతే పొద్దుగూకేదాకా నిలబడి ఉండాల్సిందే. కారును చూడగానే యేసురాజు చేయి దానంతటదే ఆగింది, మనిషి లేచాడు. బ్యాండంతా లేచి వరస కట్టింది. ఇదేదో పద్ధతి కాబోలని మిగతా కూలీలూ లేచారు. ప్రెసిడెంటు గారు కారు దిగి వాళ్ళ వంక చూశారు. వాళ్ళు ఆయన తల వంక చూశారు. ఆ తల ఊగదు, ఈ సుత్తెలు లేవవు.

అప్పటికి పల్లెల్లో ఎర్రజెండా పోరు ఇంకా సాగుతోంది. సమ్మె అన్న మాట వింటేనే పట్నం పెద్దమనుషులకు చెమటలు పట్టేవి. ప్రెసిడెంటు గారు ఇది సమ్మేనని తేల్చేసుకున్నారు. బ్రహ్మచారి అడ్డంపడి, ఇది మర్యాద అని చెప్పబోయాడు గాని ఆయన వినిపించుకోలేదు. పని ఆపించిందెవరని అడిగారు. యేసురాజు ఒక అడుగు ముందుకేసి, “నేనే సర్,” అన్నాడు. బ్యాండు ఆగితే ఆపింది మాస్టరే కదా, అందులో అబద్ధం లేదు. ఆయన పేరు అక్కడికక్కడే కొట్టేశారు. ఆ రోజు అందరికన్నా ఎక్కువ మర్యాద చేసినవాడికి దక్కిన ఫలం అది.

ఇదంతా లూకా వచ్చి కాంతమణికి చెప్పాడు. యేసురాజు వచ్చి చాప మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళు కదలడం లేదు. కాంతమణి ప్రెసిడెంటు మీది కోపం గిన్నెల మీద చూపించింది. బియ్యం పోతే ఎలాగో గంజి తాగి బతకొచ్చు. ఈసారి ఈ మనిషి కూర్చుండిపోతే మళ్ళీ లేవడని ఆమెకు తెలుసు. ఆ తెలియడమే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

పొద్దున్నే మొగుడికి చెప్పకుండా కొంగు బిగించి యాప్రాల్ దారి పట్టింది. వెళ్ళి బ్రహ్మచారి ముందు నిలబడింది.

“రూలు ఇంటికొకరనే గద. ఆయన పేరు కొట్టేసిన్రు, మా ఇల్లు కొట్టెయ్యలే. నా పేరు రాసుకోండ్రి,” అంది.

బ్రహ్మచారి గడ్డం గోక్కున్నాడు. ఎంత ఆలోచించినా మగవాళ్ళే రావాలన్న మాట రూల్లో ఉన్నట్టు గుర్తురాలేదు. పేరు రాసుకుని సుత్తె చేతికిచ్చాడు.

కూర్చోవడం కూర్చుంది గాని పని సాగితే కదా. తాళం నేను పెడతానని లూకా మొదలుపెట్టాడు. డోలు కొట్టేవాడికి నిదానం ఎక్కడిది, పరుగెత్తాడు. క్లారినెట్ వాళ్ళు వెనకబడ్డారు. ఒకడి మీద ఒకడు విసుక్కున్నారు. ఆ తొట్రుపాటులో కాంతమణి తన బొటనవేలి మీదే సుత్తె వేసుకుంది. పొద్దు నెత్తికెక్కినా కుప్పలు పెరగలేదు. వారాంతంలో కుప్పలు కొలిచేసరికి ఇదే తీరైతే అందరి బియ్యానికీ ఎసరేనని బ్రహ్మచారి తల పట్టుకున్నాడు.

అప్పుడు వచ్చాడు యేసురాజు. ఇంట్లో పెళ్ళాం కనబడకపోయేసరికి అన్నంత పనీ చేసి కూతురింటికి పోయిందనుకున్నాడట. పక్కింటివాళ్ళు చెప్పాక పరుగులాంటి నడకతో ఇక్కడికొచ్చి పడ్డాడు. ఆమె వేలికి చుట్టిన గుడ్డ నెత్తుటితో తడిసి ఉంది. దగ్గరికి వచ్చి సుత్తె ఇమ్మని చేయి చాచాడు. కాంతమణి ఇవ్వలేదు. పేరు కొట్టేసినవాడు ఆ సుత్తె పడితే ఆమె పేరూ పోతుంది.

“ఇంటికి పోదాం పా. నీ చెయ్యి జూడు ఎట్లయిందో,” అన్నాడు.

“నా చెయ్యి జూడకు, సలోమి నాయనా. నీ చెయ్యి ఎత్తు.”

బ్యాండు వాళ్ళు సుత్తెలు పట్టుకుని యేసురాజు వంకే చూస్తున్నారు. ఆయనకు ఇక్కడ పేరూ లేదు, బియ్యమూ లేదు. మళ్ళీ ఆ కారొస్తే ఎట్లా అని గొణిగాడు.

“వస్తే రానీ. నిలబడేది నువ్వొక్కనివే. మేం కొట్టుకుంటనే ఉంటం,” అంది కాంతమణి.

లూకా నవ్వాడు. ఊరికే నిలబడి చేయి ఊపేవాడి గురించి రూల్లో ఏముందో తలుచుకోవడం ఇష్టంలేక బ్రహ్మచారి అటు తిరిగి తట్టలు సర్దుకోసాగాడు. యేసురాజు కుప్పల ఎదురుగా వెళ్ళి నిలుచున్నాడు. ఒకసారి అందరి వంకా చూసి, చేయి ఎత్తాడు.

ఆ చేయి అలా లేవడం కాంతమణి అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆయన వాయింపు ఎప్పుడూ దేవిడీ గోడల లోపలే, బ్యాండు వాళ్ళ ఆడవాళ్ళకు అక్కడ చోటు లేదు. ఇంట్లో మంచంకోడు తిన్న దెబ్బలే ఆమెకు తెలిసినవి. మొగుడు ఇంత పొడుగా అనిపించింది. చేయి దిగింది, సుత్తెలన్నీ ఒక్కసారే పడ్డాయి, ఆమెది మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా పడింది.

“కాంతమణీ, వెనకబడ్తున్నవ్,” అన్నాడు మాస్టరు, లూకాను అన్నట్టే.

తిట్టు నోటిదాకా వచ్చింది గాని ఆమె తిట్టలేదు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, ఆయన చేతి మీంచి చూపు తిప్పకుండా సుత్తె ఎత్తి పట్టుకుంది. ఈసారి ఆమె దెబ్బ అందరితో కలిసి పడింది.