ఎర్ర తోకల వంశం

“ఏమండీ, ఈ నీళ్లలో దోమలు గుడ్లు పెట్టి మన అమ్మాయికి డెంగ్యూ వస్తే ఏం చేస్తారు?”

మయూర్ విహార్‌లోని మా ఫ్లాట్‌కి అద్దాల తొట్టెలు వచ్చిన రోజు, ఇంకా చుక్క నీళ్లైనా పోయకముందే నేనన్న మాట ఇది. గప్పీ చేపలు దోమపిల్లల్ని తినేస్తాయని మా ఆయన నవ్వారు. తినేది దోమపిల్లల్ని మాత్రమే కాదని చెప్పలేదు.

రెండేళ్లయింది. హాల్లో మూడు తొట్టెలు, ఇల్లంతా పాచి కంపు. ఫ్రీజర్‌లో కరివేపాకు పక్కనే వాటి మేత, గడ్డకట్టిన ఎర్రపురుగుల బిళ్లలు. బఠాణీలు తీయాలన్నా చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. ఒకరోజు తల్లిచేప కనడం చూశాను. చుక్కంత పిల్ల జారి బయటపడింది. తల్లి వెనక్కి తిరిగి దాన్ని మింగేసింది. రెండోదాన్నీ అంతే. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆయన పట్టుదల ఒక్కటే. తోక మొత్తం నెత్తురు రంగులో ఉండాలి. అందుకని బయటి చేపను రానివ్వరు. అన్నకు చెల్లెల్ని, తల్లికి కొడుకును జతకలిపి, లైన్ ప్యూర్‌గా ఉండాలంటారు. చీదర. లక్ష్మీ నగర్‌లో మేత అమ్మే నవదీప్ నా ముందే చెప్పాడు, ఒకే ఖాందాన్‌ని ఎన్నాళ్లు కలుపుతారు అంకుల్, కొత్త రక్తం రానివ్వకపోతే నడుములు వంకరపోతాయి అని. ఈయన విననట్టే డబ్బా సంచీలో వేసుకున్నారు.

వాడన్నట్టే అయింది. కొడవలిలా వంగిన పిల్లలు తొట్టె అడుగున గిరగిరా తిరుగుతుండేవి. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన నా టీ జల్లెడతో వాటిని ఏరి, బాత్రూంలో వేసి ఫ్లష్ నొక్కేవారు. చేతులు కడుక్కొచ్చి కాఫీ అడిగేవారు. గ్లాసు ఆ చేతికి అందించకుండా బల్ల మీద పెట్టేదాన్ని. జల్లెడ కొత్తది కొన్నాను. దాన్నీ పట్టుకెళ్లారు.

ఈలోగా రాజమండ్రి నుంచి ఆయన అక్క రేవతి వదిన ఫోను. ఈ ఆదివారం కాక పై ఆదివారం తాంబూలాలు పుచ్చుకుందామని. వదిన కొడుకు ఉదయ్‌కిరణ్‌కి గుర్‌గావ్‌లో ఉద్యోగం, మా అమ్మాయి ప్రవల్లికకు సాకేత్‌లో. మేనరికం. కుర్రాడు మంచివాడే, కాదనను. కానీ మా మామగారు మేనకోడల్ని చేసుకున్నారు. వదిన మేనమామను చేసుకుంది. వదిన పెద్దబాబు నాలుగేళ్లు బతికాడు, ఒక్కనాడూ లేచి కూర్చోలేదు. ఆ బిడ్డ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

భయంగా ఉందండీ అంటే, అందరికీ అలాగే అవుతుందా అన్నారు. అక్కకు మాటిచ్చేశానన్నారు. నీకు పొద్దున లేస్తే ఏదో ఒక భయం అని కూడా అన్నారు. అమ్మాయిని అడిగితే ఫోన్‌లోంచి తలెత్తకుండా చెప్పింది.

“ఉదయ్ అచ్ఛా హై అమ్మా. బిల్కుల్ భయ్యా లాగా.”

బావను పట్టుకుని అన్నయ్యలాగా అంటోంది, తాంబూలాలకు వారం ముందు.

మొన్న ఆదివారం కూడా ఆయన జల్లెడ పట్టుకుని బాత్రూం వైపు వెళ్తున్నారు. అందులో ఎనిమిదో తొమ్మిదో వంకర పిల్లలు, ఒకదాని మీద ఒకటి జిగురుగా కదులుతున్నాయి. నేను అడ్డం నిలబడ్డాను. ఎప్పుడూ అలా నిలబడినదాన్ని కాదు.

“ఏమండీ, ఒక్కటడుగుతాను. వదిన పెద్దబాబుని ఏ జల్లెడతో ఏరేవారు?”

అనేశాక నా నోటి మీద నాకే అసహ్యమేసింది. ఆయనకు బీపీ ఉంది. ఏమైనా అయితే అంబులెన్సు ఈ ట్రాఫిక్‌లో ఎప్పటికి వచ్చేను అనుకున్నాను. జల్లెడలోంచి నీళ్లు నేలమీద కారుతున్నాయి. ప్రవల్లిక చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసేసి మా ఇద్దరినీ చూస్తోంది. తొట్టెలో మోటారు గుడగుడమంటోంది.

ఆయన వంటింట్లోకి వెళ్లి మగ్గులో నీళ్లు పట్టి, జల్లెడను అందులో ముంచి పిల్లల్ని వదిలారు. మగ్గు తెచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చున్నారు. కాఫీ పెట్టాను. ముట్టుకోలేదు. చల్లారి తొరక కట్టింది. బల్ల మీది మగ్గులో ఆ పిల్లలు వంకరగానే ఈదుతున్నాయి. అరగంటో, ఇంకా ఎక్కువో, వాటినే చూస్తూ కూర్చున్నారు.

“కస్తూరీ,” అన్నారు చివరికి, “ఆ ఫోనిలా ఇయ్యి. తాంబూలాలు వద్దని అక్కకు నేనే చెప్తాను.”