ఎతియెన్‌కు తొమ్మిది దెబ్బలు

గంటను నేను. కంచుకంఠం ఉందని పొగరనుకునేరు. ఇప్పుడు మ్యూజియంలో ఒక మూల పడి ఉన్నాను, నాలుక కూడా ఊడదీశారు.

ఫ్రాన్సులో సెర్నోల్ అనే ఊళ్లు రెండున్నాయి. నడిస్తే మూడు రోజుల దారి. ఏనాడో కరువొచ్చి కొండమీది సెర్నోల్ నుంచి ముప్ఫై కుటుంబాలు పల్లానికి దిగివచ్చాయి. పొలాలు కొత్తవి, ఇళ్లు కొత్తవి, ఊరికి మాత్రం కొత్త పేరు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇంటిపేర్లూ అవే, పిల్లలకు పెట్టుకునే తాతల పేర్లూ అవే. వెళ్లేవాళ్ల కోసం అక్కడివాళ్లు తమ గంటను కరిగించి రెండు గంటలు పోత పోశారు. ఒకటి కొండమీద ఉండిపోయింది, రెండోదాన్ని నేను. మనుషులు బుద్ధిగానే విడిపోతారు, తర్వాతే అన్నీ కలగాపులగం చేసుకుంటారు.

రెండు ఊళ్లలోనూ మగవాడు పోతే తొమ్మిది దెబ్బలు కొడతారు. ఒక మనిషికి ఒక్కసారే. రెండోసారి మోగితే ఊళ్లో ఇంకో మగవాణ్ణి చావు పిలుస్తుందని వాళ్ల భయం.

పెద్ద యుద్ధం మొదలైన ఏడాది, బట్టలుతికి బతికే అపొలీన్ ఒక్కగానొక్క కొడుకు ఎతియెన్ రూవెల్ పోయాడని కాగితం వచ్చింది. తొమ్మిది మోగాను. నలభై రోజులకు, ఉన్ని మేజోళ్లు పంపమంటూ వాడి చేత్తో రాసిన ఉత్తరం వచ్చింది! పోయింది కొండమీది ఎతియెన్ రూవెల్. అపొలీన్ నల్లబట్టలు విసిరేసి వీధిలో గంతులేసింది. అంతలోనే అక్కడ ఇంకో తల్లి ఉందని గుర్తొచ్చి, ఉన్నచోటే కూలబడింది. ఆ పేరున ఇక్కడ మోగింది చాల్లే అని కొండమీదివాళ్లు తమ గంట కొట్టలేదు.

మరుసటి వసంతంలో మా ఎతియెన్ నిజంగానే పోయాడు.

"కొట్టు తాతా," అంది అపొలీన్, గంట కొట్టే మత్యూరిన్ ముసలాయనతో.

"ఒకసారి కొట్టేశాను గదమ్మా."

"అది నా కొడుక్కి కాదు."

"పేరు వాడిదే గదా తల్లీ. వీళ్ల పిల్లలంతా ఇంకా యుద్ధంలోనే ఉన్నారు, చూడు," అని ముసలాయన గుమ్మం వైపు చూపించి ఏడ్చాడు.

గుమ్మంలో ఊరి ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అపొలీన్ తానే తాడు పట్టుకుంది. లాగుతుందని ఎంత ఆశపడ్డానో! ఆమె ఒక్కొక్కరి మొహమే చూసింది. తాడు వదిలేసింది.

మర్నాడే కొండమీది సెర్నోల్‌కు నడిచిపోయింది. వారం తర్వాత తిరిగొచ్చి, నా గోపురం మెట్లెక్కి ముసలాయన పక్కన కూర్చుంది.

"ఆ ఎతియెన్ తల్లి జెర్మెన్ అక్క, 'మా గంట ఈ పేరుకు ఇంకా మోగలేదు, నీ కొడుక్కి నేను కొడతాను' అంది తాతా. ఏడుస్తూనే తొమ్మిదీ కొట్టింది. ఆ గంట గొంతు అచ్చం దీనిదే. కానీ అది మావాణ్ణి ఎన్నడూ చూడలేదు గదా."

నేను చూశాను. వాడి బాప్తిస్మానికి మోగింది నేనే. నా తాడు పట్టుకుని ఊగినందుకు ఏడేళ్లప్పుడు చెంపదెబ్బ కూడా తిన్నాడు. వాడికి మోగాల్సింది నేను.