రెండు చక్రాల ఆర్డరు

"సైకిళ్ల దారిలో నీ బండి రాకూడదు," అంటూ పోలీసు కర్ర అడ్డం పెట్టాడు.

ఐసక్క తన మూడు చక్రాల రిక్షా బండి బ్రేకు నొక్కింది. వెనకే ఆమె తమ్ముడి బండీ ఆగింది. రెండిట్లోనూ ఊక కప్పిన ఐసు దిమ్మలు. ఎనిమిదింటికల్లా చేపల మార్కెట్టుకి చేరకపోతే మిగిలేది నీళ్లే.

"కాళ్లతో తొక్కేదే కదయ్యా. సైకిలు కాక విమానమా?"

"రెండు చక్రాలుంటేనే సైకిలు. ఆర్డర్లో రాశారు. మెయిన్ రోడ్డెక్కండి."

మెయిన్ రోడ్డు నిండా లారీలు. ఆకుపచ్చ రంగేసిన ఆ సైకిళ్ల దారిలో మాత్రం పురుగు కూడా లేదు. "నేను ముందు పోతాలే అక్కా," అని తమ్ముడు బండి తిప్పాడు. తిప్పడమే, లారీ గుద్దేసింది. అంబులెన్సు వచ్చేసరికి రోడ్డు మీద ఐసు సగం కరిగిపోయింది, తమ్ముడి ప్రాణం పోయింది. ట్రాఫిక్కులో ఇరుక్కున్నారట. ఆ ట్రాఫిక్కు తగ్గించడానికేగా మహానుభావులు ఈ దారి వేసింది.

మూడో రోజు బండ్ల షెడ్డులో అందరూ కూర్చున్నారు.

"అర్జీ పెడదాం," అన్నాడు మేస్త్రీ.

"మూడు పెట్టాం. వాటి మీద టీ గ్లాసులు పెట్టుకున్నారు," అన్నాడు వెల్డరు. "అయినా ఏ మొహంతో అడుగుతాం? ఆ దారి కావాలని వేలిముద్రలు వేసింది మనమేగా."

నిజమే. నిరుడు ఆఫీసువాళ్లు కాగితాలు పట్టుకొచ్చి, సైకిలు తొక్కేవాళ్లకి వేరే దారి కావాలా అనడిగితే షెడ్డంతా ఎగబడింది. సైకిలంటే తమదేననుకున్నారు పిచ్చి జనం.

"మా తమ్ముడు వద్దన్నాడు," అంది ఐసక్క. "ఎవరిచేతైనా చదివించుకుందాం అక్కా అన్నాడు. నేనే వాడి చెయ్యి లాగి వేలిముద్ర వేయించాను. నా చేతుల్తో నేనే చంపుకున్నాను."

అందరి వేళ్లకీ ఆ సిరా అంటింది.

ఆమే మళ్లీ అంది: "పోలీసులు బండి పట్టుకుంటే స్టేషనుదాకా మన చేతే తొక్కిస్తారు. రేపు అందరం ఆ దారిలోకే దిగుదాం, స్టేషనుకి మాత్రం ఒక్కరూ తొక్కొద్దు."

తెల్లారి అరవై బండ్లు నిండు లోడుతో ఆకుపచ్చ దారిలోకి దిగాయి. అధికారి కాగితాలు ఊపుకుంటూ వచ్చాడు. "ఇవి మీ వేలిముద్రలే కదా? మీరడిగిన దారే కదా?"

"మేమడిగిందే. అందుకే వచ్చాం," అన్నాడు మేస్త్రీ.

"బండ్లన్నీ స్టేషనుకి తొక్కండి."

ఎవరూ పెడలు మీద కాలు పెట్టలేదు. దిగి, చక్రాలకి గొలుసులు బిగించి, బండ్ల పక్కనే బైఠాయించారు. లాఠీలు లేచాయి. మేస్త్రీ తల పగిలింది. నలుగురు పోలీసులు కలిసి ఒక బండిని తోస్తే జానెడు కూడా జరగలేదు.

ఐసక్కని జుట్టు పట్టి వ్యాను దగ్గరికి ఈడ్చారు. "పోయినవాడు ఎలాగూ పోయాడు. ఇంకేం కావాలే నీకు?" అన్నాడు అధికారి.

"వాడు వేలిముద్ర వేసిన దారి కావాలి."

వ్యాను తలుపు పడింది. వెల్డరు లేచి, ఆమె బండి దగ్గరికెళ్లి కూర్చున్నాడు.