రోలిగ్ ఇల్లు

ప్రేబెన్‌కు స్వీడిష్ వచ్చు. అంటే, వచ్చునని ప్రేబెన్‌కు తెలుసు. స్వీడన్ వాళ్లకే ఇంకా తెలిసి రాలేదు. కోపెన్‌హాగన్‌లో జీవితమంతా సైకిళ్లు బాగుచేసిన మనిషి ఆయన. ఏ చక్రమైనా చక్రమే, ఏ భాషయినా భాషే, డేనిష్‌నే కాస్త నోరు తెరిచి మాట్లాడితే అది స్వీడిష్ అవుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. నోరు తెరవడం ఆయనకు ఎప్పుడూ కష్టం కాలేదు. మూయడం దగ్గరే చిక్కంతా.

ఆయన భార్య లిస్బెట్ బళ్లో సంగీతం పంతులమ్మ. చిన్న తరగతుల పిల్లలకు చెక్క పిల్లనగ్రోవి నేర్పేది. ఒక్కరు ఊదితే అది పిల్లనగ్రోవి. తరగతి తరగతంతా ఒక్కసారే ఊదితే పిల్లల గోలగ్రోవి. ఆ గోలను ఆమె ఏళ్ల తరబడి నవ్వుతూ భరించింది. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున గ్రోవులు ఆగాయి గానీ చెవులు ఆగలేదు. రెండు చెవుల్లోనూ సన్నగా, తెంపు లేకుండా ఒక ఈల. అందరికీ చెవిలో జోరీగ అన్నది మాట వరసకు. లిస్బెట్‌కు అది అద్దె కట్టకుండా, ఖాళీ చేయకుండా చెవిలో దిగిన కాపురం.

మందు లేదన్నాడు డాక్టరు. ప్రశాంతంగా ఉండమన్నాడు. వాళ్ల ఫ్లాట్ కింద బీరు దుకాణం, ఎదురుగా బస్సుల మలుపు. అందులో ప్రశాంతంగా ఉండాలంటే బీరు దుకాణంలోనే ఉండాలి. లిస్బెట్‌కు నిద్ర పట్టేది కాదు. గిన్నెలు కడుగుతూ ఏదో ఒకటి కూనిరాగం తీసే అలవాటు ఆమెకు. అదీ మానేసింది. ఆ కూనిరాగం పోయిన రోజున ప్రేబెన్ నిర్ణయించేసుకున్నాడు: కిక్కురుమనని ఇల్లొకటి కొని తీరాలి.

వాళ్ల వీధిలో సగం మందికి సముద్రం మీది వంతెన అవతల, స్వీడన్‌లోని స్మోలాండ్ అడవుల్లో ఒక ఎర్రటి చెక్క ఇల్లు ఉండనే ఉంది. పక్క దేశంలో పాత కొంప కొనడం అక్కడ కొత్త సంగతేమీ కాదు. కొన్నాక కొంప మునగడం కూడా కొత్త కాదు. వీళ్లూ నాలుగైదు చూశారు. ఒకదాని వెనక రంపపు మిల్లు. ఇంకోదాని పొరుగున వేటకుక్కలను పెంచే ఆసామి. ఫొటోలో ఏ ఇల్లయినా మౌనంగానే ఉంటుంది. మరొకటి నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. అక్కడ ఒక రాత్రి పడుకున్న లిస్బెట్ కళ్లు ఉబ్బి లేచింది గానీ, ఎందుకో చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో కారులో అంది:

"ఇంకొక్కటి చూద్దాం ప్రేబెన్. అదీ కాకపోతే వదిలేద్దాం. నిద్ర కోసం తిరిగి తిరిగి, ఉన్న నిద్రే పోతోంది."

ఆ ఇంకొక్కటి హుల్డా అనే ముసలావిడది. ఒక పల్లె కిరాణా కొట్టు గోడ మీద ఇల్లు అమ్మకానికి ఉందని చీటీ, కింద ఫోన్ నంబరు. మధ్యవర్తి ఎవరూ లేరు. ప్రేబెన్ ఫోన్ చేశాడు. కప్పు సంగతి, బావి సంగతి, ధర సంగతి ఏదీ అడగలేదు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: పెద్దమ్మా, మీ ఇల్లు రోలిగ్‌గా ఉంటుందా?

డేనిష్‌లో రోలిగ్ అంటే నిమ్మళమైనది, అలికిడి లేనిది. స్వీడిష్‌లోనూ ఆ మాట ఉంది. అవే అక్షరాలు. కాకపోతే వంతెన దాటేటప్పుడు బట్టలు మార్చుకుంటుంది: అవతలి ఒడ్డున రోలిగ్ అంటే నవ్వు తెప్పించేది, సరదా అయినది. ఇది ప్రేబెన్‌కు తెలియదు. అవతల ముసలావిడ పూడుకుపోయిన గొంతుతో అంది:

"రోలిగా? కొడుకా, ఈ జిల్లాల ఇంత రోలిగ్ ఇల్లు ఇంకోటి నీకు దొర్కదు. శనివారం ఫ్రుకోస్త్‌కు రా. నీ పెండ్లాన్ని గూడ తోల్కరా."

ఇంటి నిశ్శబ్దం తలుచుకుంటేనే ఆవిడకు గొంతు పూడుకుపోయిందని ప్రేబెన్ భార్యకు చెప్పాడు. లిస్బెట్ చాలా రోజుల తర్వాత కాస్త నవ్వింది.

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళకు, చేతిలో నల్ల రొట్టె, ఊరవేసిన చేపల సీసాతో దిగారు. హుల్డా గడప మీద చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎనభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా, దూలం నుంచి చెక్కినట్టు.

"ఫ్రుకోస్త్‌కు రమ్మంటె గీ యాళ్లకా వచ్చేది? పొద్దుగాల్నే జావ కాచి పెట్టిన. గిప్పుడది గోడకు సున్నం కొట్టెతందుకు తప్ప దేనికి పనికి రాదు."

ప్రేబెన్ తడబడ్డాడు. తమవైపు ఆ మాటకు మధ్యాహ్నం భోజనమని అర్థమని చెప్పుకున్నాడు. ఇక్కడ పొద్దుటి ఫలహారమని ఆవిడ చెప్పింది.

"మీ డేన్లు గొంతుల ఉడ్కవెట్టిన ఆలుగడ్డ వెట్టుకొని మాట్లాడ్తరు. సగమే సమజైతది. ఆ సగం గూడ తప్పేనేమో ఎవలికెర్క."

ఆ మాట మీద ప్రేబెన్ ఆగి ఉండాల్సింది. కానీ అప్పటికే ఆయన కళ్లు ఇంటి మీద ఉన్నాయి. అటువంటి ఇంటిని ఆయన ఎన్నడూ చూడలేదు. ఎర్రమట్టి రంగు గోడలు, తెల్లటి మూలలు. ఇంతవరకు ఎన్నిళ్లకైనా ఉంటాయవి. ఇక్కడ ఒక పలక ఇంకో పలకలోకి ఒదిగిన తీరు వేరు. మేకు ఎక్కడుందో వెతుక్కోవాలి. పాత అద్దాల కిటికీల్లో అడవి నీళ్లలో నీడలా కదిలి, మనం తల తిప్పితే తనూ తల తిప్పుతోంది. కట్టింది హుల్డా భర్త ఫోల్కె. కుర్చీల కార్ఖానాలో పగలు పనిచేసి, మిగిలిన పొద్దంతా ఈ ఇంటికే పెట్టాడట. కుర్చీ పనివాడే గానీ జీవితంలో కూర్చున్నది లేదని హుల్డా అంది. పలక మీద చేయి వేస్తే ప్రేబెన్‌కు పనిముట్టు తెలియలేదు, మనిషి చేయి తెలిసింది. పనివాడికి పనివాడు దండం పెట్టుకోవడం అంటే ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది.

హుల్డా తలుపు తీసింది. తలుపు "అంబా" అంది.

లిస్బెట్ ఒక్క అడుగు వెనక్కి వేసింది. హుల్డా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, ఆవు లేదు, తలుపేనని, దాని అడుగున ఫోల్కె తోలుతిత్తి ఒకటి బిగించాడని చెప్పింది. తలుపు తీస్తే తలపులు రావడం లోకంలో ఉన్నదే. ఆవులు రావడం ఇక్కడే.

ఒక చుక్క నూనె వేస్తే తగ్గుతుందేమోనని ప్రేబెన్ నసిగాడు.

"నూనె పోస్తె అది ఊకుంటదేమో. నేను ఊకుంటనా?"

వంటింట్లో పంచదార కోసం అల్మారా తెరిస్తే లోపల నాలుక చాపిన చెక్క మొహం. పంచదార పక్క అల్మారాలో ఉంది. ప్రేబెన్ పెదవులు సాగదీశాడు. లిస్బెట్ చెవి దగ్గర చేయి పెట్టుకుంది. అది ఆమెకు అలసట వచ్చినప్పటి గుర్తు.

అప్పుడు మేడ మెట్లు వచ్చాయి. హుల్డా ముందు ఎక్కింది. మొదటి మెట్టు "సా" అంది. రెండోది "రి" అంది. ఒక్కో పలక కింద ఒక్కో మందంలో దుంగ తొలిచి, అడుగు పడితే అది స్వరం పలికేలా ఫోల్కె అమర్చాడు. వీణకు మెట్లుండటం అందరూ ఎరిగినదే; మెట్లకే వీణ ఉండటం ఇదే చూడటం. ఇంకెప్పుడయినా అయితే ప్రేబెన్ పైకీ కిందికీ పదిసార్లు ఎక్కి దిగేవాడు. ఇప్పుడు మూడో మెట్టు మీద ఆగిపోయి, పెద్దమ్మా, ఇదంతా ఏమిటని అడిగాడు.

"ఏందంటవేంది? నువ్వే గద రోలిగ్ ఇల్లు గావాలన్నవు? ఇంతకన్న నవ్వొచ్చే ఇల్లు యాడుంటది?"

రోలిగ్‌లో ఉన్న రోలు మెడకు కట్టినట్టయింది ప్రేబెన్‌కు. ఫ్రుకోస్త్ మీద ఒకసారి తప్పినవాడికి రోలిగ్ మీద ఎందుకు అనుమానం రాలేదు? ఒక్క మాట కోసం ఇంత దూరం వచ్చి, ఆ ఒక్క మాటే సగం తప్పు.

లిస్బెట్ మాత్రం ఇద్దరినీ వినడం లేదు. నాలుగో మెట్టు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కింది. కళ్లు మూసుకుని ఇంకోసారి తొక్కింది.

"ఇది కొంచెం తక్కువ పలుకుతోంది," అంది.

ఇప్పుడు ముసలావిడ తరిమేస్తుందని ప్రేబెన్ అనుకున్నాడు. హుల్డా మెట్ల పిడి గట్టిగా పట్టుకుంది.

"సచ్చెదాంక గదే గునిగిండు ఫోల్కె. నాలుగోది తక్కువుంది హుల్డా, తక్కువుంది హుల్డా అని. నాకెన్నడు తెల్వలే. ఎవలికి తెల్వలే. నువ్వొక్కదానివే వట్టుకున్నవు బిడ్డా."

లిస్బెట్ పై గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది.

కింద బల్ల దగ్గర ప్రేబెన్ ఉన్నదంతా ఒప్పేసుకున్నాడు. తన మాటకు అర్థం సరదా కాదని, నిమ్మళమని, ఆమె చెవుల సంగతి ఇదని, నిద్ర సంగతి ఇదని, ఇల్లు అద్భుతమని, అయినా కొనలేమని. వింటున్నంతసేపూ హుల్డా మొహం కొంచెం కొంచెంగా ముడుచుకుపోయింది.

చూడడానికి చాలామంది వచ్చారని ఆవిడ చెప్పింది. ఒకడు చెరువు ఎంత దూరమన్నాడు. ఒకామె ఇంటర్నెట్ వస్తుందా అంది. ఇంకొకడు మెట్లు పీకేయడానికి ఎంతవుతుందో మనసులోనే లెక్క కట్టుకుంటుంటే ఆవిడే బయటికి నడిపించింది.

"నవ్వొస్తదా అని ఒక్కడన్న అడిగిండా? నువ్వు అడిగితివి. ఫోన్ వెట్టేసి ఫోల్కె కుర్చి కాడికి వోయి చెప్పిన, మనోడొకడు దొర్కిండు అని." ఆవిడ గిన్నె పక్కకు జరిపింది. "ఇగ ఇప్పుడు వోయి ఏం చెప్పాలె?"

మూయడం చేతకాని ప్రేబెన్ నోరు తనంతట తనే మూతపడింది. ఇద్దరూ లిస్బెట్ కోసం చూశారు. దిగితే మెట్లే చెప్తాయి. మెట్లు చెప్పలేదు. చివరికి ఇద్దరూ స్వరాల మీదుగా పైకి వెళ్లారు.

లిస్బెట్ మంచం మీద కూర్చుని ఉంది, కిటికీ తెరిచి. కిటికీ కింద వాగు పాయ ఒకటి. ఫోల్కె దాన్ని చెక్క దోనెలోకి మళ్లించి, చిన్న చక్రం పెట్టి, చక్రానికి వరసగా కొయ్య సుత్తులు కట్టాడు. టక్, టక్, టొక్. నీళ్ల గలగల, మళ్లీ టక్, టక్, టొక్. కప్పు మీద గాలికి ఒక కొయ్య మనిషి ఆగకుండా దుంగ కోస్తున్నాడు. ఆ సుత్తులు ఆగితేనే తనకు మెలకువ వచ్చేదని హుల్డా గొణిగింది.

లిస్బెట్ వేలెత్తి ఇద్దరినీ ఆపింది. కాసేపటికి అంది:

"పోయింది."

"ఏది?"

"జోరీగ." ఆమె కిందికి, చక్రం వైపు చూస్తోంది. "నిశ్శబ్దంగా ఉన్నచోట అదొక్కటే వినిపించేది ప్రేబెన్. నువ్వు అంత కష్టపడి తిప్పుతుంటే చెప్పలేకపోయాను. ఇక్కడ దానికి కూర్చోడానికి చోటు లేదు."

చప్పుడు లేని చోటుకని ఊళ్లన్నీ తిప్పిన మనిషి కిటికీని ఇంకాస్త బార్లా తీశాడు. హుల్డా ముందుకు వచ్చి, మంచం పట్టె పట్టుకుని అడిగింది:

"ఇంతకు రోలిగ్ ఉన్నదా, లేదా బిడ్డా?"

"రోలిగ్‌గా ఉంది," అంది లిస్బెట్.

ఏ రోలిగో ఎవరూ అడగలేదు. వివరించడానికి ప్రేబెన్ నోరు తెరిచాడు. మూసుకున్నాడు. చక్రానికి సరిపడా గాలి పట్టాక ఇంకా పంపు కొట్టే అలవాటు ఆయనకు ఎప్పుడూ లేదు.

ఆ తర్వాత బేరమేమీ జరగలేదు, భారం దిగింది; అడిగిన ధరకే ఇల్లు కొనేశారు. తలుపుకు నూనె వేయకూడదని హుల్డా షరతు. నాలుగో మెట్టును సరిచేయకూడదని లిస్బెట్ కోరిక. అది ఫోల్కె గొంతులా ఉందట. మంచు పడకముందే హుల్డా పట్నంలో, చెల్లెలి పక్క ఫ్లాట్‌కు మారింది. అక్కడ మెట్లు లేవని, లిఫ్టు ఉందని, దానికి వచ్చింది ఒక్కటే కూత అని ఫోన్‌లో ఫిర్యాదు చేసింది.

ఎండాకాలం పండుగ వేళకు ప్రేబెన్ ఆవిడను పిలిచాడు. చేపలు, కొత్త ఆలుగడ్డలు, శనివారం తప్పక రావాలి అన్నాడు. అలవాటు కొద్దీ డేనిష్‌లోనే, మధ్యాహ్నం అనుకుంటూ, ఫ్రోకోస్ట్‌కు అన్నాడు.

శనివారం పొద్దున్నే తలుపు "అంబా" అంది. ప్రేబెన్ పక్క మీద నుంచి ఉలిక్కిపడి లేచేసరికి మెట్లు మొదలయ్యాయి: సా, రి, గ, కొంచెం తక్కువ మ. ఆయన గది వాకిట్లోనే హుల్డాను ఆపి పెదవుల మీద వేలు పెట్టాడు. ఆవిడ ఆయన భుజం మీదుగా తొంగి చూసింది. లిస్బెట్ నోరు కొద్దిగా తెరుచుకుని, ఒక చేయి మంచం కిందికి వేలాడేసి పడి ఉంది.

"ఏమైంది బిడ్డకు?"

"నిద్ర," అన్నాడు ప్రేబెన్. ఆ మాటకు రెండు ఒడ్డుల మీదా ఒకటే అర్థం.

హుల్డా వచ్చిన స్వరాల మీదుగానే కిందికి దిగింది. పొయ్యి రాజేసి జావ కాచింది. లిస్బెట్ మధ్యాహ్నం దాకా లేవలేదు. జావ మళ్లీ సున్నంలా గట్టిపడింది. ఈసారి హుల్డా ఏమీ అనలేదు, గరిటెతో దాన్ని పగలగొట్టి ముగ్గురికీ వడ్డించింది.