ముగ్గురికి రెండు సీట్లు

మా ఇంట్లో ముగ్గురం. మా ఆయన కొన్న స్పోర్ట్స్ కారుకు సీట్లు రెండే. అమ్మాయిని బడిలో దింపాలంటే నేను దిగాలి. ఇంతా చేసి ఆ ఆకుపచ్చ సుందరి నాకన్నా నాలుగేళ్లు పెద్దది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!

ఈ రెండేళ్లలో అది రోడ్డు మీద ఉన్నది తక్కువ, షెడ్డులో ఇటుకల మీద ఉన్నది ఎక్కువ. సెలవు రోజు వస్తే చాలు, కారు కింద నుంచి ఆయన కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తాయి. వంటింటి గట్టు మీద కార్బురేటర్ ముక్కలు, బట్టల బకెట్లో కిరోసిన్‌లో నానే బోల్టులు. దుప్పట్లన్నీ మసిగుడ్డలైపోయాయి. దారిలో ఆగితే స్టీరింగ్ పట్టుకునేది ఆయన, వెనక నుంచి తోసేది నేను.

ఫిట్‌నెస్ పరీక్షలో అది రెండుసార్లు తప్పింది. “ఈసారీ తప్పితే అమ్మేస్తా, ఒట్టు,” అన్నారు ఆయన. నాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా మూడో పరీక్షకు ముందురోజు జాకీ జారి ఆయన వేళ్లు నలిగాయి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కారు తీసుకెళ్లే పని నా నెత్తిన పడింది.

ఆర్టీవో ఆఫీసు షెడ్డులో లైట్లు, బ్రేకులు ఎలాగో గట్టెక్కాయి.

“ఇంజను ఆపి, మళ్లీ స్టార్ట్ చెయ్యండమ్మా,” అన్నాడు పరీక్ష చేసే ఆఫీసరు.

దాని తిక్క నాకు తెలుసు. వేడి మీద ఉన్నప్పుడు యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కిపట్టి తాళం తిప్పాలి. లేకపోతే చచ్చినా కదలదు. నేను తొక్కలేదు. ఊరికే తాళం తిప్పాను. కుయ్యోమని మూలిగింది. రెండోసారీ అంతే. ఇంకొక్కసారి ఇలాగే తిప్పితే పీడ విరగడైపోతుంది.

ఆఫీసరు టైరును కాలితో తన్ని నవ్వాడు. “ఎవరమ్మా ఈ తుక్కు కొన్నది? బుద్ధున్నవాడెవడైనా కొంటాడా?”

ఆ మాట నేను రోజుకు పదిసార్లు అంటాను. కానీ అనడానికి ఈ ఆఫీసరెవరు? వెయిటింగ్ గది అద్దాల అవతల మా ఆయన, కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అడుగుదాకా తొక్కి తాళం తిప్పాను. ఇంజను మోతకు షెడ్డు దద్దరిల్లింది.

“పాసైందని రాయండి,” అన్నాను.

తిరిగొస్తుంటే ఆయన బాగున్న చేత్తో డాష్‌బోర్డు నిమిరారు. “నువ్వు స్టార్ట్ చెయ్యవనుకున్నా,” అన్నారు.

“మరి తాళాలు నాకెందుకిచ్చారు?”

“తెలిసిన మెకానిక్ ఒకడు వచ్చి నడుపుతానన్నాడు. నేనే వద్దన్నా. కొనేటప్పుడు నిన్నొక్క మాట అడగలేదు. ఉంచాలో అమ్మాలో నువ్వే తేలుస్తావని...”

అరవాలనిపించింది. ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్లకు నా ఇష్టమేమిటో కనుక్కోవాలనిపించిందా ఈ మనిషికి! అదీ నాకు తెలియకుండా! నేనేమో కోపంలో స్టార్ట్ చేసి, ఉంచుకుందామని చెప్పేసినట్టయింది. ఇక ఈ కారు ఏ నడిరోడ్డు మీద ఆగినా ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు.