పోలరాజుగారి డాక్టరు

పోలరాజు కళ్లకలకతో వారం రోజులు ఇంట్లో కూర్చున్నాడు. తిరిగి ఆఫీసుకు వచ్చేసరికి అతని డాక్టరుని ఇంకెవరో వింటున్నారు.

ఈ మాట అర్థం కావాలంటే ఆ ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఆ మేడల్లో అద్దె కట్టలేని చిన్న కంపెనీలు సికింద్రాబాద్ పాత బంగళాల్లో బల్లలు వేసుకునేవి. మారేడ్‌పల్లిలో అలాంటి ఒక బంగళా మేడ మీద పాతికమంది కూర్చుని అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేసేవారు. అక్కడి డాక్టరు రోగిని పరీక్షించి, తను చూసినదంతా నోటితో చెప్పి రికార్డు చేస్తాడు. అక్కడ పొద్దుగూకేసరికి ఇక్కడ తెల్లవారుతుంది, ఆ మాటలు ఫైళ్లుగా వచ్చి వాలతాయి. చెవులకు హెడ్‌సెట్, పాదం కింద పెడల్. పెడల్ తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు. వినపడని చోట గీత గీసి ఖాళీ వదలాలి. ఊహించి రాయడం పాపం. పదిహేను మిల్లీగ్రాముల మందుని యాభై అని రాస్తే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు.

ఎవరికీ అందని ఖాళీలు చివరికి పోలరాజు బల్ల మీదికి చేరేవి. విజయనగరంలో జంతుశాస్త్రం చదువుకుని, ఉద్యోగం వెతుక్కుంటూ ఇటు వచ్చి, మౌలాలిలో కాపురం పెట్టినవాడు. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేదీ అతనే. "హెడ్‌సెట్‌తో రెండు చెవులూ గట్టిగా మూసుకోండి. కళ్లు కూడా మూసుకోండి. డాక్టరు తప్ప లోకంలో ఇంకేదీ లేదనుకోండి" అని చెప్పేవాడు. అన్నిటికంటే అతని పేరు నిలబెట్టింది డాక్టర్ విట్లాక్. ఆ పెద్దమనిషి నోట్లో ఏదో నములుతూ చెబుతాడు, మాటల చివర్లు మింగేస్తాడు. ఆయన ఫైలంటే అందరూ దణ్ణం పెట్టి పక్కకు తప్పుకునేవారు. పోలరాజు మాత్రం ఐదేళ్లుగా ఆయన్ని విని విని, గొంతు పట్టి ఆయనకు జలుబు చేసిందో, విసుగొచ్చిందో కూడా చెప్పగలిగేవాడు. ఆయన కుక్క పేరు తెలుసు. ఆఫీసులో అందరూ 'పోలరాజుగారి డాక్టరు' అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి లోపల దీపం పెట్టినట్టుండేది.

ఇప్పుడా డాక్టరు కల్పలత దగ్గరున్నాడు. కాప్రా నుంచి వచ్చే అమ్మాయి, చేరి ఇంకా ఆరు నెలలు నిండలేదు.

"మీరు లేకుంటే ఎవరికో ఒకరికి ఇయ్యాలె గద పోలరాజుగారూ" అన్నాడు భానుప్రకాశ్. ఆ హాలుకు పెద్ద అతనే. "ఎవ్వరూ పట్టలే. గీ అమ్మాయి చేస్తనన్నది. ఒక్క ఖాళీ లేకుంట పంపింది. చెక్ చేసేటోళ్లు రాసినదాన్ని పక్కన పెట్టుకుని విన్నరు, అంతా కరెక్టే ఉన్నది."

"మంచిదే" అన్నాడు పోలరాజు.

"ఈ నెల ఇద్దరికీ సగం సగం ఇస్త. నెలాఖరుకి ఎవరి ఖాళీలు తక్కువుంటే డాక్టరు వాళ్లకే. ఆమెది ప్రొబేషన్ గద, ఇది నిలబెట్టుకుంటే పర్మినెంట్ చేస్తం. లేకుంటే మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు."

పోలరాజు తన బల్ల దగ్గరికి వచ్చాడు. దుమ్ము పడకుండా అతని కంప్యూటర్ మీద ఎవరో గళ్ల తువ్వాలు కప్పి ఉంచారు. కల్పలతే కప్పిందని పక్కవాళ్లు చెప్పారు. ఇంకో రోజైతే అతను ఆ చిన్న పనికి సంతోషించేవాడు. ఆ రోజు మాత్రం, నా డాక్టరుని తీసుకుని నాకు తువ్వాలు కప్పిందా అనిపించింది.

పెడల్ తొక్కాడు. విట్లాక్ వెనక ఏదో యంత్రం హోరుమని తిరుగుతోంది. పోలరాజు లేని వారంలోనే ఆయన ఇదివరకులా టెలిఫోనులో చెప్పడం మానేసి, సొంతంగా ఒక కొత్త రికార్డరు కొనుక్కున్నాడట. ధ్వని పెంచితే హోరు చెవిలో ములుకులా దిగుతోంది. తగ్గిస్తే ఆయన గొణుగుడు కాస్తా ఆవిరైపోతోంది. ఒకే రిపోర్టులో మూడు నాలుగు చోట్ల గీతలు గీయాల్సి వచ్చింది. సామ్యూల్‌ని పిలిచాడు.

సామ్యూల్ కంప్యూటర్లు బాగుచేసే మనిషి, ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్‌ని తాడుకు కట్టి మెడలో వేసుకుని తిరుగుతాడు. సౌండ్ డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. జాక్ మార్చాడు. వెనకనున్న తీగలన్నీ ఊడదీసి, ఊది, బిగించాడు. అంతా అయ్యాక హెడ్‌సెట్ పెట్టుకుని విన్నాడు.

"సిస్టమ్ ఫస్ట్‌క్లాస్ ఉన్నది అన్నా. ఇంగ ఫార్మాట్ కొట్టాల్సింది మీ డాక్టర్‌నే."

పక్క బల్లలవాళ్లు నవ్వారు. పోలరాజు నవ్వలేదు. సాయంత్రం పార్క్‌లేన్‌లో దిగి, సొంత డబ్బుతో మంచి హెడ్‌ఫోను ఒకటి కొనుక్కుని ఇంటికి వెళ్లాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడే గానీ ముద్ద ఎత్తడం లేదు. భార్య అప్పలలక్ష్మి కాసేపు చూసింది.

"ఏటయ్యింది?"

చెప్పాడు.

"ఆ డాక్టరేటి, మీకు పిల్లనిచ్చిన మావా? నిజంగా పిల్లనిచ్చిన మా నాన్న ఒంట్లో బాగోక పడుంటే ఒక్క ముద్ద మానలేదు మీరు" అంది ఆమె, చారు పోస్తూ.

కొత్త హెడ్‌ఫోను కూడా హోరునే ఇంకా స్పష్టంగా వినిపించింది. పోలరాజు ఇక పని మీదకంటే కల్పలత మీదే ఎక్కువ చూపు పెట్టాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంటుంది. కళ్లు మూసుకోదు. చెవులు నొక్కుకోదు. వడియాలు పెట్టే మనిషిలా తొందర లేకుండా టైపు చేసుకుపోతుంది. విట్లాక్ ఏదో చమత్కారం చెప్పినట్టున్నాడు, ఒకసారి తనలో తను నవ్వుకుంది. ఆ నవ్వు చూసి పోలరాజుకి కడుపులో కారం పడ్డట్టయింది. ఐదేళ్లు తనతో కాపురం చేసిన గొంతు అది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లతో కబుర్లాడుతోంది.

ఈ అమ్మాయి చెవి తన చెవికంటే మెరుగని ఒప్పుకోవడానికి అతని మనసు రాలేదు. కాబట్టి ఆమె హెడ్‌సెట్టే మెరుగైనదై ఉండాలి. అన్నీ ఒకే పెట్టెలో వచ్చినవే, కానీ ఒకే మనిషి చేసిన మద్దెలల్లో కూడా ఒకటి పలుకుతుంది, ఒకటి పలకదు. సామ్యూల్ మంచిది ఆమెకిచ్చాడు, అంతే. ఆ ఆలోచన రాగానే ప్రాణం తేలికపడింది.

ఎవరి హెడ్‌సెట్ వాళ్లదే అని ఆ ఆఫీసులో పట్టింపు. పైపట్టీ మీద ప్లాస్టరు ముక్క అంటించి పేరు రాసుకునేవారు. గురువారం మధ్యాహ్నం అందరూ కిందికి భోజనాలకు దిగాక పోలరాజు రెండు ప్లాస్టర్లూ ఊడదీసి, ఒకదానిది ఇంకోదానికి అంటించి, హెడ్‌సెట్లు మార్చి పెట్టాడు. చెవుల మీది మెత్తని తొడుగులు కూడా మార్చాడు. ఆమె తొడుగులు సబ్బుతో ఉతికి ఆరేసినవి. ఇది దొంగతనం కాదు, రెండూ కంపెనీవే అని తనకు తాను చెప్పుకున్నాడు.

అందరూ పైకొచ్చాక పెట్టుకుని పెడల్ తొక్కాడు. ఎడమవైపు చప్పుడు లేదు. తీగ కదిపాడు, జాక్ తిప్పాడు. ఎడమ డబ్బాలోని చిన్న స్పీకరు చచ్చిపోయి ఉంది. ఇన్నాళ్లూ ఈ అమ్మాయి సగం చెవితో తనని ఓడించిందన్నమాట. వెనక్కి పెట్టేద్దామని లేచాడు గానీ కల్పలత అప్పటికే వచ్చి కూర్చుంది.

చేసేదిలేక విట్లాక్ ఫైలు తెరిచాడు. కుడి చెవిలో డాక్టరు మాట్లాడుతున్నాడు. హోరు ఎక్కడో గోడ అవతల ఉన్నట్టుంది. ధ్వని పెంచాడు. ఇంకా పెంచాడు. మింగేసిన మాటల చివర్లు ఒక్కొక్కటే పైకి తేలాయి. పోలరాజు పెడల్ వదిలేశాడు. తర్వాత పార్క్‌లేన్ హెడ్‌ఫోను తీసి ఎడమవైపు మాత్రమే విన్నాడు. ఒట్టి హోరు. కుడివైపు మాత్రమే విన్నాడు. డాక్టరు. ఆ కొత్త రికార్డరులో రెండు వైపులా రెండు రకాలుగా ధ్వని పడుతోంది. యంత్రం ఆయనకు ఒక పక్కనుంది, నోరు ఇంకో పక్కనుంది. టెలిఫోను మాటలు రెండు చెవుల్లోనూ ఒకేలా ఉంటాయి. అవి వినీ వినీ ఆ హాల్లో ఎవరికీ ఒక చెవి తీసేయాలన్న ఆలోచనే రాలేదు. పైగా రెండు చెవులూ గట్టిగా మూసుకోమని అందరికీ నేర్పింది తనే.

ఆ సాయంత్రం అతని రిపోర్టుల్లో ఒక్క ఖాళీ లేదు.

మర్నాడు కల్పలత అతని బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, గీ ముక్క జెర వింటారా? నాకు తెలుస్తలేదు."

విన్నాడు, చెప్పాడు. ఇంకొకటి తెచ్చింది. అదీ చెప్పాడు.

"మీ అసుంటి చెవి ఇంకెవ్వరికి లేదు సార్" అంది. "మొన్నటిదాంక నాది లక్కే గావచ్చు. నా హెడ్‌సెట్ ఒక దిక్కు పలకకుండె. అడిగితే నేనే ఖరాబు చేసిన్నంటరని చెప్పలే. నిన్న పొద్దుగూకంగ చూస్తే రెండు దిక్కులా మంచిగ వస్తున్నది. సామ్యూలన్నకి థాంక్స్ చెప్తే, నేను ముట్టనే లేదంటడు. ఎవరో పుణ్యాత్ములు బాగుచేసిన్రు. బాగైనంక నాకు అక్కర రాకుంట పోయింది, చూడుండ్రి."

నోటిదాకా వచ్చిన మాటని పోలరాజు మింగేశాడు. "అలవాటవుతుందమ్మా" అన్నాడు.

తర్వాతి వారమంతా అతనికి పాత రోజులు తిరిగి వచ్చాయి. ఖాళీలు అతని బల్లకు చేరుతున్నాయి. కానీ కిటికీ వైపు చూడటం మానలేకపోయాడు. కల్పలత ఇప్పుడు కళ్లు మూసుకుంటోంది. రెండు అరచేతులతో రెండు చెవులూ అదిమి పట్టుకుని, వెనక్కీ ముందుకీ పెడల్ తొక్కుతోంది. అచ్చం తను పాఠంలో చెప్పినట్టే, ఒక్క అక్షరం తప్పకుండా చేస్తోంది. ఎంత బాగా చేస్తే అంత ఎక్కువగా వినపడకుండా పోతోంది. తననుంచి డాక్టరుని లాక్కుందని ఎవరిమీద కుళ్లుకున్నాడో, ఆ మనిషి తన పాఠాన్నే నమ్ముకుని మునిగిపోతుంటే చూడటం అతను అనుకున్నంత తియ్యగా లేదు. అయినా నోరు విప్పలేదు. విట్లాక్ అతని కుడి చెవిలో హాయిగా గొణుగుతున్నాడు మరి.

నెలాఖరు శనివారం భానుప్రకాశ్ అతన్ని గదిలోకి పిలిచాడు.

"మీ డాక్టరు మీకే, పోలరాజుగారూ. సోమవారం నుంచి మొత్తం మీరే చూడుండ్రి. కల్పలతకి ఈ రోజే చెప్పేస్త. పాపం, మొదట్ల మస్తు చేసింది, తర్వాత ఏమైందో. మేనేజ్‌మెంట్ వద్దంటున్నది."

పోలరాజు ఎదురుచూసిన మాటే అది. వినగానే దీపం వెలగాలి. వెలగలేదు. నా డాక్టరు అనుకుంటే, నోట్లో ఎవరిదో ఎంగిలి ముద్ద ఉన్నట్టనిపించింది.

"పావుగంట ఆగి చెప్పండి" అన్నాడు.

"ఎందుకు?"

"చెబుతాను. పావుగంట ఆగండి."

కల్పలత చెవులు అదిమి పట్టుకుని కూర్చుని ఉంది. పోలరాజు వెళ్లి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు. "ఎడమ చెవి మీద తీసెయ్యమ్మా."

"సార్?"

"ఎడమది తీసి వెనక్కి నెట్టు. సౌండు పెంచు. ఇప్పుడు విను."

ఆమె పెడల్ తొక్కింది. రెండు మూడు మాటలు విన్నదో లేదో, గీత చెరిపేసి ఆ చోట మాట టైపు చేసింది. ఇంకో గీత చెరిపింది. ముఖం విప్పారింది. "మీకెట్ల తెలిసింది సార్?"

"నీ హెడ్‌సెట్ నా దగ్గరుంది. ఆ గురువారం నేనే మార్చాను, పేర్లు కూడా. నీది మంచిదేమోనని."

విప్పారిన ముఖం నెమ్మదిగా ముడుచుకుంది. ఆమె హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. గొంతు పెంచకుండా అంది: "అడిగితే ఇస్తుంటిని గద సార్."

పోలరాజు అక్కడినుంచి తిన్నగా భానుప్రకాశ్ గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. భానుప్రకాశ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మీరేంది సార్, చిన్నపిల్లగాని లెక్క" అన్నాడు. పైవాళ్లకు మాత్రం ఆ సంగతి చెప్పకుండా, రికార్డింగు లోపం వల్ల ఖాళీలు పడ్డాయని రాశాడు. ఆ మేలు పోలరాజు అడగలేదు.

విట్లాక్ కల్పలతకు వెళ్లాడు. ఆమె ఉద్యోగం నిలబడింది. సోమవారం పోలరాజు ఆమె హెడ్‌సెట్‌ని ఆమె బల్ల మీద పెట్టి వచ్చాడు. తొడుగులు ఉతికి పెట్టాడు. ఆమె తీసుకుంది, తలెత్తి చూడలేదు. వారమంతా ఆమె పక్కనుంచి వెళ్లినా 'సార్' అనలేదు. కుడి చెవిలో విట్లాక్‌ని వింటూ ఆమె టైపు చేస్తుంటే, అతనికి లోపల ఆ కారం ఇంకా కొంచెం కొంచెం మండుతూనే ఉంది. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన అది చల్లారదని అతనికి తెలిసింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కల్పలత అతని బల్ల దగ్గరికి వచ్చింది. హెడ్‌సెట్ అతని ముందు పెట్టింది. "ఒక ముక్క ఉన్నది. ఒక్క చెవితోని విన్నా వస్తలేదు. మీరు వినుండ్రి."

పోలరాజు కుడి చెవికి పెట్టుకుని విన్నాడు. మళ్లీ విన్నాడు. ధ్వని పెంచి, తగ్గించి, నెమ్మదిగా నడిపించి విన్నాడు. తోచిన మాట ఒకటుంది. అది చెబితే ఆమె నమ్ముతుంది, పాత పేరు కొంచెం తిరిగొస్తుంది. కానీ అది విన్న మాట కాదు, ఊహించిన మాట.

"నాకూ వినపడటం లేదమ్మా" అన్నాడు.

"నిజమా సార్?"

"నిజం."

కల్పలత తన బల్లకు వెళ్లి ఆ చోట గీత గీసింది. అది అలాగే అమెరికాకు వెళ్లిపోయింది.